ఇంటి వీడియో డిస్కులు – తెర మ్రింగివేయు అంచులు

పెండ్లి బొమ్మలలో నడుమ నిలుచువారెవరో మనకందరకును తెలియును. వధూవరులు, వియ్యాలవారు, పురోహితుడు, పిలువగా వచ్చిన పెద్దమనుష్యులు. అంచులలో నిలుచువారు వేరు. వంటయింటినుండి చేయి తుడుచుకొనుచు వచ్చిన పిన్నమ్మ, చంటిబిడ్డ నెత్తుకొన్న ఆడపడుచు, శుభకార్యమున ముందునకు రాగూడదని తనంతట తానే స్తంభము చాటున కూర్చుండిన విధవరాలైన అవ్వ. ఫోటోగ్రాఫరు వారిని పిలువడు. వారును ముందునకు రారు. అయినను బొమ్మలో ఒక మూలనైన నుందురు. ఇంటి వేడుకలను వీడియో డిస్కులుగా చేయించుకొను సోదరీమణులు ఈ మూలలను గూర్చి కొంత శ్రద్ధ వహింపవలెనని మనవి చేయుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఏలనగా టీవీ యను యంత్రము బొమ్మయొక్క నాలుగంచులను కొంచెము కొంచెముగా కోసివేసి మిగిలినదే మనకు చూపును. దీనిని ఓవర్‌స్కాన్ అందురు. పేరు విననివారి యిండ్లలో సైతము దీనివలని నష్టము జరిగియే యున్నది.

మా యింటి సంగతి చెప్పెదను. మేము చైతన్యపురిలో నుందుము. మా పెద్దాడపడుచు కాపురము ఎల్.బి.నగర్. 2009లో మా మామగారి షష్టిపూర్తి వచ్చినప్పుడు బంధువులకందరకును తలకొక డీవీడీ పంచవలెనని మా మరిదికి సంకల్పము కలిగెను. పాత ఫోటోలు నూరు, 1991లో సూర్యాపేటలో జరిగిన పెద్దాడపడుచు వివాహపు క్యాసెట్టునుండి కొన్ని ఘట్టములు, తుదను పెద్దల పేర్లు – ఇదియే మేమనుకొన్న డిస్కు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగు సెంటర్ల నడుమనున్న ఒక చిన్న దుకాణమునకు క్యాసెట్టును, ఆల్బములను మోసికొని పోయితిమి. వారము దినములలో పని ముగించి యిచ్చిరి. దుకాణములోని కంప్యూటరు తెరపై అంతయు ముచ్చటగా నుండెను. సంతోషముతో ఇంటికి తెచ్చి, అందరము కూర్చుండి టీవీలో పెట్టితిమి.

తలంబ్రాల ఘట్టము వచ్చెను. మా యత్తగారు కండ్లద్దములు సవరించుకొని ముందునకు వంగి చూచి, "మా అత్తమ్మ ఏది బిడ్డా?" అనిరి. మరల మొదటినుండి వేసితిమి. ఆమె లేరు. "గీ పక్కనే కూసున్నది గదా, స్తంభం కాడ. ఆమె లేకుంట పెండ్లి అయిందా?" అని మా యత్తగారు కొంతసేపు మాటాడక లేచి లోపలికి పోయిరి.

మామగారి తల్లిగారు 1996లో కాలధర్మము నొందిరి. నేను ఈ యింటికి 1998లో కోడలనై వచ్చితిని గనుక ఆమెను చూచి యెరుగను. బొమ్మ తీయించుకొనుట ఆమెకు గిట్టెడిది కాదట. ఆమె కదలుచు, కొంగు సవరించుకొనుచు, మనుమరాలిని చూచి నవ్వుచు కనబడునది ఆ క్యాసెట్టులో ఆ ఒక్కచోటనే; ఇంచుమించు పదునైదు సెకండ్లు. మునుపున్న చిన్న టీవీలో ఆమె ముఖము సగమైనను, భుజమైనను అగపడెడిది. తరువాత కొన్న పెద్ద టీవీలో అదియు పోయినది. దుకాణమువారిని అడుగగా, "డిస్కులో లోపము లేదు, మీ టీవీదే తప్పు" అని చెప్పి పంపివేసిరి. వారి మాట సగము నిజమే. మిగిలిన సగము తెలిసికొనుటకు మాకు రెండు నెలలు పట్టినది.

పాతకాలపు టీవీ పెట్టెలో పెద్ద గాజుగొట్టము ఉండెడిది. దాని మెడనుండి ఎలక్ట్రానుల ధార వెడలి, తెర లోపలి పూతకు తగిలి వెలుగు పుట్టించును. ఆ ధార ఎడమనుండి కుడికి గీతలు గీయుచు పైనుండి క్రిందికి దిగును. మన దేశపు పద్ధతిలో ఒక బొమ్మకు 625 గీతలు. అందు బొమ్మ నిండునవి 576. ఇట్టి బొమ్మలు సెకనుకు 25. ఈ గీతలు ఎంత పొడవుగా సాగునో, ఎంత దూరము దిగునో విద్యుత్తును బట్టి యుండును. ఓల్టేజి పడిపోయినచో బొమ్మ కుంచించుకొని చుట్టును నల్లని అంచు ఏర్పడును. స్టెబిలైజరు లేని టీవీలతో వేగిన గృహిణులకు, సాయంకాలము వీధి యంతయు దీపములు వెలిగించు వేళకు బొమ్మ చిన్నదగుట జ్ఞాపకము వచ్చును. గొట్టము వేడెక్కిన కొలదియు, ఏండ్లు గడచిన కొలదియు బొమ్మ ఒక ప్రక్కకు జరుగుటయు కద్దు. నల్లని అంచు కనబడినచో కొన్నవారు సరకు మంచిది కాదని తిరిగి తెత్తురు గదా! అందుచేత తయారు చేయువారు మొదటినుండియే బొమ్మను తెరకన్న కొంచెము పెద్దదిగా గీయునట్లు అమర్చిరి. ఉతికిన పిమ్మట కుదించుకొనునని మంచమునకన్న నాలుగు వైపుల జానెడేసి పెద్దదైన దుప్పటిని మనము కొనుట వంటిదే ఇది. దుప్పటియందు మిగిలినది మంచము క్రిందికి వ్రేలాడును. టీవీయందు మిగిలినది గాజు వెలుపలికి పోయి యెవరికిని కనబడదు. ఒక్కొక్క ప్రక్క ఇంచుమించు ఇరువదవ వంతు ఈ విధముగా పోవుట సామాన్యము. అంతకన్న ఎక్కువ మ్రింగు టీవీలును కలవు.

హైదరాబాదునకు టీవీ క్రొత్త గాదు. ఇక్కడ దూరదర్శన్ కేంద్రము 1977లో వెలసినది. 1982లో ఢిల్లీలో ఏషియాడ్ ఆటలు జరిగిన యేట రంగుల ప్రసారములు మొదలైనవి. మన నగరములోని ఈ.సీ.ఐ.ఎల్. సంస్థయే ఈసీ టీవీ యను పేరుతో టీవీలు చేసి అమ్మినది. ప్రసారము చేయువారు ఈ దోషమును ఆనాటినుండియు ఎరిగినవారే. కావుననే వార్తలు చదువువారి పేరు ఎన్నడును తెర అంచున కానించి వేయలేదు. ముఖ్యమైన కదలిక యంతయు బొమ్మలో నడుమనున్న నూటికి 90 పాళ్ళలోను, అక్షరములు నడుమ 80 పాళ్ళలోను ఇమిడి యుండవలెనని వారికొక కట్టుబాటు. వెడల్పు తెరలు వచ్చిన పిమ్మట దానిని 93, 90 పాళ్ళకు సడలించిరి. ఈ కట్టుబాటు స్టూడియోలలో నున్నవారికి తెలిసినది గాని, పందిరిలో కెమెరా పట్టుకొని తిరుగువానికిని, డిస్కు చేసియిచ్చు దుకాణదారునకును తెలియక పోయినది. కంప్యూటరు తెర ఏమియు కోయదు. అచ్చట కూర్చుండి పనిచేయు వానికి లోపము కనబడదు. లోపము మన యింటికి వచ్చిన పిమ్మటనే పుట్టును.

మా మరిది కొంత తెలిసినవాడు. నేను ఓపిక గలదానను. మేమిద్దరము ఇంటి కంప్యూటరు మీదనే పని మొదలు పెట్టితిమి. మొట్టమొదట మా టీవీ ఎంత మ్రింగుచున్నదో కొలువవలె. ఇందుకు నేనొక ముగ్గు వేసితిని. మన దేశపు డీవీడీ బొమ్మ అడ్డముగా 720, నిలువుగా 576 చుక్కలు. నూటికొక పాలు చొప్పున, అనగా అడ్డముగా ఏడేసి, నిలువుగా ఆరేసి చుక్కల చొప్పున లోపలికి జరుపుచు ఒకదానిలో నొకటిగా పది చతురస్రపు గీతలు గీచి, వెలుపలినుండి లోపలికి ఒకటి మొదలు పదివరకు నాలుగు వైపులను అంకెలు వేసితిని. తులసికోట ముందు వేయు అంచుముగ్గు వలెనే యుండెను. దానిని చెరిపి వ్రాయదగిన డిస్కుపై నెక్కించి టీవీలో పెట్టినచో, ఏ అంకెవరకు మాయమైనదో అదియే ఆ ప్రక్కన పోవు పాలు. మా టీవీలో ఎడమ వైపున ఏడు, కుడి వైపున నాలుగు, పైన ఐదు, క్రింద ఆరు పోయినవి. ఎడమకు కుడికి సమముగా లేదు చూడుడు! అవ్వగారు కూర్చుండినది ఎడమనే.

ఆ డిస్కును సంచిలో వేసికొని ఎల్.బి.నగర్‌కు బస్సులో పోయితిని. అప్పటికి మెట్రో రైలు లేదు. అది ఈ దారిని 2018లో వచ్చినది. వేసవి దినములు గనుక కొత్తపేట పండ్ల మార్కెట్టు ముందు మామిడికాయల లారీలతో బస్సు అరగంట నిలిచిపోయెను. ఆడపడుచు ఇంటి టీవీలో ఎడమ నాలుగు, కుడి ఆరు. అనగా మా యింట కనబడనివారు ఆమె యింట కనబడుదురు. ఆమె యింట కనబడనివారు మా యింట కనబడుదురు. పొరుగింటివారు అప్పుడే కొన్న పలుచని టీవీలో నాలుగు వైపులను మూడేసి పోయినవి. ఒక డిస్కు పది యిండ్లకు పోవునప్పుడు ఏ యింటి టీవీ ఏది మ్రింగునో ఎవరికెరుక? కాబట్టి అన్నిటికన్న ఎక్కువ మ్రింగుదానిని మనసులో నుంచుకొని పని చేయవలెనని తెలిసినది.

ఫోటోల విషయము సులభము. దుకాణమువారు ప్రతి ఫోటోను తెర నిండునట్లు సాగదీసి యుంచిరి. నలుబదిమంది నిలిచిన బొమ్మలో ఇరుప్రక్కల ఇద్దరిద్దరు పోయిరి. మేము ప్రతి ఫోటోను అడ్డము 648, నిలువు 518 చుక్కలలో ఇమిడించి, చుట్టును పాత ఆల్బము అట్టవంటి ముదురు రంగు వేసితిమి. టీవీ ఆ అట్టను కోసికొనునే గాని మనుష్యులను కోయదు. ఇచట మరియొక చిక్కు కలదు. డీవీడీయందలి చుక్కలు చతురస్రములు కావు. ఫోటోను లెక్క చూడక ఎక్కించినచో మనుష్యులు బక్కచిక్కియో లావెక్కియో కనబడుదురు. పాత కొలత తెరకు బొమ్మను మొదట 768 చుక్కల వెడల్పుగా అమర్చుకొని పిమ్మట 720కి నొక్కవలె. లెక్క సరిపోయినదో లేదో తెలియుటకు ఒక గుండ్రని పళ్ళెము ఫోటో తీసి, ఎక్కించి, టీవీలో చూచుట నా పద్ధతి. పళ్ళెము గుండ్రముగా నున్నచో బొట్టును గుండ్రముగానే యుండును.

అక్షరముల సంగతి మాత్రము తెలుగువారమైన మనము మరింత జాగ్రత్తగా చూడవలసినది. ఇంగ్లీషు అక్షరముల క్రింది భాగము కొంచెము తెగినను చదువుకొనవచ్చును. మన లిపియందు సగము ప్రాణము వరుస క్రిందనే యుండును. "అమ్మ" అను మాటకు ఒత్తు పోయినచో "అమ" మిగులును. దుకాణమువారు తెర అడుగున వేసిన పేర్లలో వెంకమ్మలు, రంగమ్మలు అందరును ఒత్తులు పోగొట్టుకొనిరి. పై వరుసను గుడులు, తలకట్లు ఎగిరిపోయినవి. అందుచేత తెలుగు పేర్లను ఎడమ కుడి అంచులనుండి 72, పై క్రింది అంచులనుండి 58 చుక్కలు లోపలికి తెచ్చి వ్రాయవలె. ఒత్తుల అడుగు కొసనుండి కొలువవలెనే గాని అక్షరము మొదటినుండి కాదు. అక్షరములు లావుగా నుండుట మేలు. గాజుగొట్టపు టీవీ ఒకసారి బేసి గీతలను, మరియొకసారి సరి గీతలను గీయుచుండును గనుక, ఒక్క గీత మందముననున్న సన్నని తలకట్టు ఒకసారి యుండి ఒకసారి లేక గడగడ వణకును. చూచువారికి కండ్లు నొచ్చును.

ఇక కదలు బొమ్మ. ఇదియే కష్టము. ఫోటోను చిన్నది చేసినట్లే వీడియోను కూడ చిన్నది చేసిన సరిపోవుననుకొంటిమి. చేసి చూచితిమి. నడచువారి చేతులు దువ్వెన పండ్లవలె చీలికలైనవి. కారణమేమన బేసి గీతలు ఒక క్షణమునకును, సరి గీతలు తరువాతి క్షణమునకును చెందినవి. నిలువుగా కుదించునప్పుడు ఆ రెండును కలసిపోవును. వానిని విడదీసి కుదించు సాధనములు కలవు గాని, క్యాసెట్టు బొమ్మ అసలే మసకగా నుండును. కుదించిన కొలదియు మరింత మసకబారును. కావున వీడియోను మొత్తముగా కుదించుట నాకు సమ్మతము గాదు. పదునైదు సెకండ్ల కొరకు రెండు గంటల బొమ్మను పాడు చేయనేల?

ఆ సమయమున మా మరిదికి ఒక యుక్తి తోచినది. బొమ్మను చిన్నది చేయక, ఉన్నదానిని ఉన్నట్లే కుడికి జరిపినచో? ఆ ఘట్టమున కెమెరా కదలక నిలిచి యుండెను. అవ్వగారు ఎడమ అంచునుండి 8 చుక్కలు మొదలు 60 చుక్కల లోపల నున్నారు. మా టీవీ ఎడమన 50 చుక్కలు మ్రింగును. బొమ్మను 56 చుక్కలు కుడికి జరిపితిమి. అడ్డముగా జరుపుటవలన గీతలకు భంగము లేదు, మసక లేదు. నిలువుగా జరుపవలసి వచ్చినచో సరిసంఖ్య గీతలు జరుపవలెను; లేనిచో బేసి సరి తారుమారగును. కుడి ప్రక్కన కొంత బొమ్మ పోవును గాని, అచ్చట పందిరి గుంజయు, అక్షింతల పళ్ళెము పట్టుకొన్న ఎవరివో రెండు చేతులును తప్ప మరేమియు లేవు. పోనిమ్మంటిమి.

మరునాడు సాయంకాలము ఆ ఘట్టము వేసితిమి. మా యత్తగారు చూచిరి. మరల వేయుమనిరి. ఆరుసార్లు చూచిన పిమ్మట, "గా నవ్వే. గట్లనే నవ్వేది" అనిరి. అంతే. నలుబది డిస్కులు చేసి పంచితిమి.

వానిలో రెండు అమెరికాకు పోయినవి. పోయి, పని చేయలేదు. ఇది ఓవర్‌స్కాన్ దోషము కాదు గాని, కూతుళ్ళను ఆ దేశమునకు పంపిన తల్లులకు ఉపకరించునని చెప్పుచున్నాను. అచ్చటి పద్ధతి వేరు. బొమ్మకు 480 గీతలు, సెకనుకు ఇంచుమించు 30 బొమ్మలు. మన యంత్రములు సాధారణముగా వారి డిస్కులను చూపును గాని, వారి యంత్రములు మన డిస్కులను చూపుట అరుదు. కంప్యూటరులో మాత్రము రెండును ఆడును.

క్యాసెట్టునుండి ఎక్కించిన బొమ్మను నేటి టీవీలో చూచినవారికి మరియొక వింత కనబడును. తెర అడుగున సన్నని పట్టీ ఒకటి చిరిగిన గుడ్డ అంచువలె కొట్టుకొనుచుండును. క్యాసెట్టు చదువు యంత్రములో తిరుగు తలలు ఒకదానినుండి మరియొకదానికి మారు తావు అది. మునుపటి టీవీలు దానిని ఓవర్‌స్కాన్ చాటున దాచినవి. ఓవర్‌స్కాన్ చెడ్డదని తిట్టుచుంటిని గాని, ఇది మాత్రము దానివలని మేలే. కొందరు ఆ పట్టీని కోసివేసి బొమ్మను మరల సాగదీయుదురు. అట్లు చేయవలదు. ఆ కొలది గీతలపై నల్లని పట్టీ కప్పిన చాలును. మిగిలిన బొమ్మ చెక్కుచెదరదు.

గాజుగొట్టములు పోయి పలుచని తెరలు వచ్చినవి గదా, ఇంకను ఈ గొడవ యెందుకని అడుగవచ్చును. పలుచని తెరలో ప్రతి చుక్కకును స్థానము కలదు; ఓల్టేజికి కుంచించుకొనదు. అయినను ప్రసారముల అంచులలోని చెత్త కనబడకుండుటకును, పాత అలవాటు చేతను, పెక్కు టీవీలు బొమ్మను నూటికి రెండు మొదలు ఐదు పాళ్ళు సాగదీసి అంచులు కోయునట్లే అమర్చబడి వచ్చుచున్నవి. దీనిని మనమే మాన్పవచ్చును. రిమోటులో బొమ్మ పరిమాణమును మార్చు చోటికి పోయి చూడుడు. ఎల్‌జీ టీవీలలో జస్ట్ స్కాన్ అనియు, శాంసంగ్‌లో స్క్రీన్ ఫిట్ అనియు, సోనీలో ఫుల్ పిక్సెల్ అనియు వ్రాసి యుండును. మరికొన్నిటిలో ఓవర్‌స్కాన్ అనియే యుండి, దానిని ఆపుటకు వీలుండును. అన్ని తీగలకును అన్ని బొమ్మలకును ఈ యేర్పాటు పనిచేయదు. పాత మూడు రంగుల తీగలతో కలిపిన డీవీడీ యంత్రమునకు తరచు లభింపదు. హెచ్.డి.ఎం.ఐ. తీగతో కలిపి చూడుడు. నా ముగ్గు డిస్కు నేటికిని మా యింట నున్నది. ఎవరింట క్రొత్త టీవీ కొన్నను పెట్టి చూపుచుందును. మా పిల్లలు నవ్వుదురు.

పెండ్లి క్యాసెట్లు ఇంకను పెట్టెల అడుగున దాచుకొన్నవారు ఆలస్యము చేయవలదు. వీసీఆర్ యంత్రములను కడపట తయారు చేసిన జపాను సంస్థయు 2016లో ఆ పని చాలించినది. ఉన్నవి బాగుచేయువారు తగ్గిపోవుచున్నారు. ఇంట వ్రాసిన డిస్కులును శాశ్వతములు కావు; వానిలోని రంగుపూత ఎండకును వేడికిని వెలిసిపోవును. కిటికీ ప్రక్క అలమరలో నుంచగూడదు. అన్నిటికన్న ముఖ్యముగా, దుకాణమువారు క్యాసెట్టునుండి ఎక్కించినప్పుడు కోయనిది, జరుపనిది, సాగదీయనిది యైన మొదటి ప్రతిని అడిగి తీసికొని, పెన్ డ్రైవులో నొకటి, హార్డ్ డిస్కులో నొకటి రెండు చోట్ల నుంచుకొనుడు. దిద్దిన ప్రతి నేటి టీవీకి సరిపోవును. రేపటి టీవీకి సరిపడక పోవచ్చును.

మాకు జరిగినదే చూడుడు. పాత టీవీ చెడిపోగా పెద్ద పలుచని టీవీ కొని, ఓవర్‌స్కాన్ ఆపివేసి, షష్టిపూర్తి డిస్కు వేసితిమి. తలంబ్రాల ఘట్టమున ఎడమ వైపున బొటనవ్రేలంత వెడల్పున నల్లని పట్టీ కనబడినది. మేము జరిపిన 56 చుక్కలే అవి. మరిది హార్డ్ డిస్కులో దాచిన మొదటి ప్రతిని వెదకి తీసి పెట్టెను. నల్లని పట్టీ పోయినది. ఎడమన అవ్వగారు సంపూర్ణముగా కూర్చుండి కొంగు సవరించుకొనుచున్నారు. కుడి అంచున పందిరి గుంజయు, పళ్ళెము పట్టుకొన్న ఆ రెండు చేతులును తిరిగి వచ్చినవి. ఆకుపచ్చ గాజులు, వాని నడుమ ఒక్కొక్క బంగారు గాజు. ఆ చేతులు ఎవరివని మా పాప అడిగెను.

"నావే" అనిరి మా యత్తగారు.